ఈ వయసులో నడుం నొప్పా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు అనగానే మనకు పెద్ద వయసు వాళ్ళు గుర్తుకొస్తారు. గోడ పట్టుకుని లేచే అమ్మమ్మ, మోకాళ్ళకి నూనె రాసుకునే నాయనమ్మ కళ్ళముందు మెదులుతారు. ఇవాళ నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించి కాదు. ఇరవై, పాతికేళ్ళ వయసులో, చూడడానికి నిక్షేపంలా వుండి, పొద్దున్నే మంచం దిగాలంటే భయపడే ఆడపిల్లల గురించి. అలాంటివాళ్ళలో నేనూ ఒకదాన్ని. నాకిప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళు. ఆరేళ్ళుగా నడుం నొప్పితో కాపరం చేస్తున్నాను.

ఈ బాధకున్న పెద్ద చిక్కేమిటంటే అది పైకి కనిపించదు. జ్వరమైతే థర్మామీటరు చెబుతుంది. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది. నడుం నొప్పికి మాత్రం మన మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. "నీ వయసులో మేం నూతిలో నీళ్ళు తోడి పదిమందికి వండి వార్చాం, ఈ వయసులో నీకు నడుం నొప్పేమిటే?" అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళు చేసిన చాకిరీ అబద్ధం కాదు. కాని వాళ్ళకీ నొప్పి వుండేవుంటుంది. చెప్పుకునే వీలే వుండేది కాదు. పెళ్ళి కావలసిన పిల్లయితే మరీ కష్టం. "నలుగురిలో అనకు, సంబంధాలు తప్పిపోతాయి" అని నోరు మూయిస్తారు. నేను మొదట చూపించుకున్న డాక్టరు గారైతే, "పెళ్ళయితే అదే పోతుందమ్మా" అని నవ్వి పంపేశారు. నవ్వి పంపేస్తే నొప్పి తగ్గదు కదండీ! పైగా, వెంటనే చూడవలసిన జబ్బేదైనా వుంటే అది లోలోపల ముదురుతుంది. అందుకే ఈ విషయం నలుగురి మధ్యా మాట్లాడాలని అనిపించింది.

ఇది ఒకరిద్దరి బాధ కూడా కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో వున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ.

ముందు కీళ్ళ చప్పుడు సంగతి చూద్దాం. కూర్చుని లేస్తే మోకాళ్ళు టకటకమంటాయి. మెడ తిప్పితే కరకరమంటుంది. "ఎముకలు అరిగిపోతున్నాయి కాబోలు" అని బెంగ పడతాం. మన ఇళ్ళలో దిష్టి తీసి, కణతలకానించి మెటికలు విరవడం అందరికీ తెలిసిందే. ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి పోయిందని ముచ్చటపడతాం. ఆ చప్పుడుకి భయపడని మనం మోకాలి చప్పుడుకి భయపడుతున్నాం!

కీలు లోపల జిగురుగా వుండే ద్రవం వుంటుంది. అందులో వాయువులు కరిగి వుంటాయి. కీలును లాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, వాయువుతో నిండిన ఖాళీ ఒకటి ఏర్పడుతుంది. చప్పుడు అప్పుడే వస్తుంది. 2015లో కెనడా శాస్త్రజ్ఞులు వేలిని ఎమ్మారై యంత్రంలో వుంచి, మెటిక విరుస్తుండగానే చిత్రాలు తీసి ఈ సంగతి చూపించారు. ఒకసారి విరిచిన మెటిక మళ్ళీ విరగడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టేది కూడా అందుకే. కొన్నిచోట్ల నరంలాంటి కండర బంధనాలు ఎముక అంచు మీద నుంచి జారి చప్పుడు చేస్తాయి. డోనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు యాభై ఏళ్ళ పాటు ఎడమ చేతి మెటికలు మాత్రమే విరుచుకుంటూ వచ్చి, రెండు చేతులకూ తేడా లేదనీ, దేనికీ కీళ్ళవాతం రాలేదనీ 1998లో ఒక వైద్యపత్రికకు రాశాడు. ఒక్క మనిషి అనుభవమే అయినా వినడానికి ధైర్యంగా వుంటుంది. ఉత్త చప్పుడైతే భయం లేదు. చప్పుడుతోపాటు నొప్పి, వాపు వున్నా, కీలు పట్టేసినా, దెబ్బ తగిలిన తరవాత మొదలైనా డాక్టరుకి చూపించాలి.

కొందరు పిల్లల కీళ్ళు పుట్టుకతోనే వదులుగా వుంటాయి. బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుంది. చిటికెన వేలు నిలువుగా వెనక్కి వంగుతుంది. మోచేతులు, మోకాళ్ళు కూడా వెనక్కి వంగుతాయి. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకానిస్తారు. డాక్టర్లు వీటికి మార్కులు వేసి చూస్తారు, మొత్తం తొమ్మిది. ఇలాంటి పిల్లల్ని చూసి "వెన్నపూసలా వంగుతుంది" అని మురిసిపోతాం. చాలామందికి దానివల్ల ఇబ్బందే వుండదు. కొందరికి మాత్రం పడుచుదనంలోనే నొప్పులు మొదలవుతాయి. వాళ్ళు ఒంటిని ఇంకా ఇంకా వంచే ఆసనాలు వెయ్యడం కాదు, కీళ్ళ చుట్టూ వుండే కండరాలకు బలం తెచ్చుకోవాలి.

ఇక నడుం దగ్గరికి వద్దాం. నొప్పి మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలికం అంటారు. చాలామందిలో ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించే కారణం దొరకదు. కారణం దొరకలేదంటే నొప్పి లేదని కాదు. దొంగ వెళ్ళిపోయాక కూడా వీధికుక్క మొరుగుతూనే వున్నట్టు, గాయం మానినా నాడులు హెచ్చరిస్తూనే వుంటాయి. నిద్రలేమి, దిగులు, నమ్మేవాళ్ళు లేకపోవడం ఆ మొరుగుడును పెంచుతాయి.

స్కానింగ్ తీయిస్తే "డిస్కు అరిగింది" అని వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలో కూడా నూటికి 37 మందికి డిస్కులో అరుగుదల కనిపించిందని 2015లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసినవాళ్ళు తేల్చారు. కాబట్టి ఆ ఒక్క మాట చూసి జీవితం అయిపోయిందనుకోవద్దు.

"కదలకుండా పడుకో" అనే సలహా కూడా పాతబడింది. 1995లో ఫిన్లండులో నడుం పట్టేసినవాళ్ళలో కొందరిని రెండు రోజులు మంచం మీద వుంచారు, కొందరిని ఓపిక వున్నంత మేరకు రోజువారీ పనులు చేసుకోమన్నారు. పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లోనూ వ్యాయామానికే పెద్దపీట. నడుంకి కట్టే బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడవద్దని అందులో వుంది.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. దయచేసి శ్రద్ధగా వినండి. నొప్పితోపాటు సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం వుంటే వెన్నెముకకు క్షయ సోకిందేమో చూడాలి. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. కాళ్ళలో పట్టు తప్పినా, మలమూత్రాల మీద అదుపు పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొకటి వుంది. పొద్దున్న లేవగానే అరగంటకు పైగా నడుం కొయ్యబారి వుండడం, తెల్లవారుజామున నొప్పికి మెలకువ రావడం, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గడం. ఇది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వాతం కావచ్చు. సాధారణంగా పడుచు వయసులోనే మొదలవుతుంది. మగవాళ్ళ జబ్బని అనుకోవడం వల్ల ఆడవాళ్ళలో ఆలస్యంగా బయటపడుతుంది. త్వరగా గుర్తిస్తే మంచి మందులున్నాయి.

ఎండ సోకని వాళ్ళకు డి విటమిన్ తక్కువై ఎముకలు నొప్పి పెట్టవచ్చు. ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతాల వాళ్ళు ఆ సంగతి డాక్టరుతో తప్పక చెప్పాలి. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ బాధ వున్నట్టు 1937లోనే రాశారు. నల్గొండ సంగతి మనందరికీ తెలిసిందే.

నేనేం చేస్తున్నానో నాలుగు మాటల్లో చెబుతాను. నాది కూర్చుని చేసే ఉద్యోగం. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తాను. పొద్దున్నా సాయంత్రం నడక, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం ఇరవై నిమిషాలు. నొప్పి ఎక్కువగా వున్న రోజు తగ్గిస్తాను గాని మానను. బిందె ఎత్తాలంటే నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేస్తాను. పొడుగు కర్ర చీపురు కొనుక్కున్నాం. వేన్నీళ్ళ కాపడం హాయినిస్తుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వేసుకుంటాను. అదే పనిగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏమున్నదో తెలియని పొట్లాల మందుల జోలికి అసలే పోను. నొప్పి పూర్తిగా పోలేదు. కాని దాన్ని చూసి పని మానుకునే రోజులు తగ్గాయి.

పెళ్ళి మాట వచ్చినప్పుడు మా అమ్మ వద్దంటున్నా, వచ్చినవాళ్ళతో నా నడుం సంగతి నేనే చెప్పాను. ఒక సంబంధం తప్పిపోయింది. ఆ తరవాత వచ్చినవాళ్ళు, "అయితే బరువులెత్తే పని అబ్బాయి చేస్తాడు" అన్నారు. ఇప్పుడు బియ్యం బస్తా, గ్యాస్ బండ మా వారి పని. మొదట్లో మా అత్తగారికి కొంచెం కష్టంగానే వుండేది. ఒకరోజు ఆవిడే నా పక్కన కూర్చుని, "నాకూ నీ వయసులోనే మొదలైందమ్మా, ఎవరితోనూ అనలేదు" అన్నారు. ఇప్పుడు ఇద్దరం కలిసే నడకకు వెళుతున్నాం.

తల్లులకు, అత్తగార్లకు నా మనవి ఒక్కటే. పిల్ల నడుం నొప్పి అంటే ముందు నమ్మండి. ఎప్పుడు వస్తుంది, ఎలా తగ్గుతుంది అని అడగండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్ళండి. నాలాంటి అమ్మాయిలకు చెప్పేదేమిటంటే, దాచుకోకండి. పొద్దున్న ఎంతసేపు బిగుసుకుపోయి వుంటున్నారో, ఏ పని చేస్తే పెరుగుతోందో ఒక వారం రోజులు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మీ మాటకు ఆ కాగితం తోడుంటుంది.

చాలాసేపు కూర్చున్నారు, ఒకసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. సెలవు.