పాత ఫిల్ములో నల్ల కారు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

వంటలూ కుట్లూ మాని ఈవిడ కార్ల గురించి మొదలుపెట్టిందేమిటి అనుకుంటారేమో! మా ఇంట్లో జరిగిన ముచ్చట వినండి.

మేముండేది కాగజ్‌నగర్. మా మామగారికి ఎనభై ఆరేళ్లు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు ఆయన సికింద్రాబాదులో మేనత్త ఇంట్లో ఉన్నారు. ఊళ్లోకి వచ్చిన సైనికుల జీపులను కళ్లారా చూసిన మనిషి. మొన్న మా అబ్బాయి ఫోనులో ఒక పాత ఫిల్ము పెట్టి, "తాతా, ఇది మన హైదరాబాదే, 1948" అన్నాడు. ఆయన కాసేపు చూసి, "ఇది మన సడక్ కాదు బిడ్డా" అన్నారు. తాతకు మతిమరుపు వచ్చిందని వీడు నవ్వాడు. నేనైనా ఊరుకున్నానా? "పోనీలెండి మామయ్యా, చాయ్ తాగండి" అన్నాను. ఆయన కప్పు ముట్టుకోలేదు.

"జీపును కాదు, ఎనక మోటరును సూడుండ్రి" అన్నారు చివరికి.

చూశాం. అమెరికాలో తయారైన యుద్ధకాలపు జీపులకు స్టీరింగు ఎడమవైపే. మన సైన్యం నడిపినవీ అటువంటివే. కాబట్టి జీపు సాక్ష్యం చెల్లదు. కాని వెనకున్న నల్ల కారుకూ స్టీరింగు ఎడమవైపే ఉంది! పైగా అది రోడ్డుకు కుడిపక్కన పోతోంది. మన దగ్గర బండ్లు నడిచేది ఎడమపక్కన కదా.

ఇందులో ఒక మెలిక ఉంది సుమండీ. ఫిల్మును తిరగేసి అతికిస్తే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని అక్షరాలు చూడాలి. కారు తలుపు మీద తెల్లగా ఏదో ఉంటే దుమ్మనుకున్నాం. బొమ్మను ఆపి పెద్దది చేస్తే ఎఫ్.ఎఫ్.ఐ. అన్న ఇంగ్లీషు అక్షరాలు, తిన్నగానే ఉన్నాయి. 1944లో జర్మన్లతో పోరాడిన ఫ్రాన్సు ప్రజాదళాల గుర్తు అది. కారు ముందున్న జల్లెడ మీద, తిరగేసిన 'వి' అక్షరాలు ఒకదానిమీద ఒకటి రెండున్నాయి. అది 1934 నుంచి తయారైన ఫ్రెంచి సిత్రోయెన్ కారు. ఎవరో ఫ్రాన్సు ముక్క తెచ్చి మన కథకు అతికించారన్నమాట!

దీపాలను బట్టి కూడా కారు వయసు కొంత పోల్చుకోవచ్చు. పాత కార్లకు దీపాలు చెంబుల్లా విడిగా నిలబడి ఉంటాయి. హైదరాబాదు వెళ్తే చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూడండి, తెలుస్తుంది. 1940 వచ్చేసరికి అమెరికా కార్ల దీపాలు మడ్‌గార్డుల్లోకి దిగిపోయాయి. 1942 ఫిబ్రవరిలో అక్కడ మామూలు జనం కొనే కార్ల తయారీ ఆపేశారు. మళ్లీ మొదలైంది 1945లోనే.

అయితే కారును చూసి ఫిల్ము ఏ ఏటిదో కచ్చితంగా చెప్పేస్తే పొరపాటే. అత్తగారి పట్టుచీర కోడలు కట్టుకోదూ? 1938 నాటి కారు 1948లోనూ తిరుగుతుంది. ఆ కారు పుట్టక ముందు తీసిన ఫిల్ము కాదు అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

మా అబ్బాయి వెళ్లి తాత పక్కన కూర్చున్నాడు. ఫిల్ములో ఇంకో ముక్క ఉంది, గుడారాలు, లారీలు. ఇది కూడా వేరే దేశానిదా అని వాడు అడిగితే మామగారు జవాబు చెప్పలేదు. కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు. నేను చల్లారిన చాయ్ తీసేసి వేరే పెట్టి తెచ్చాను.