మొదటి చీపురు మన గడపలో

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల క్రైస్తవ ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగము)



2025 ఆగస్టు 27, 28 తేదీలను మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. ఒక్క రోజులో రాజంపేట మండలము అర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. కామారెడ్డిలో జి.ఆర్. కాలనీ నీట మునిగింది. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి. ఎల్లారెడ్డి వైపు వాగులు పొంగి దారులు తెగిపోయాయి. నీరు తీసిన తరువాత ఇంటింటా మిగిలింది బురద. అటువంటి వేళ పార భుజాన వేసుకొని వచ్చినవానిని నీ కులమేమి, నీ మతమేమి అని ఎవరడుగుతారు? బురద ఎత్తడానికి వచ్చిన ప్రతి చేయి మన చేయే.

వాన తెచ్చిన బురదను ఎత్తడము సులువు. ఎందుకంటే వాన మీద మనకు పగ ఉండదు. మనిషి చేతులారా పగులగొట్టినదానిని ఎత్తడము కష్టము. గాజు పెంకు చేతిలో ఉంటుంది, దానిని విసిరినవాని ముఖము కళ్లలో ఉంటుంది. ఈ రెండవ విధమైన శుభ్రము గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మన రాష్ట్రములోనే జరిగిన సంగతి ఒకటి మీకు తెలుసు. మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర కన్నెపల్లిలో మదర్ థెరీసా పేరిట ఒక పాఠశాల ఉన్నది. దానిని నడుపుతున్నది కేరళలో పుట్టిన ఒక కతోలిక గురువుల సభ. 2024 ఏప్రిల్‌లో హనుమాన్ దీక్ష తీసుకున్న కొందరు విద్యార్థులు కాషాయ వస్త్రాలతో బడికి వచ్చారు. తల్లిదండ్రులను తీసుకొని రమ్మని, వారితో మాట్లాడదామని మాత్రమే అన్నామని పాఠశాలవారు చెప్పారు. దీక్ష వస్త్రాలను తప్పుపట్టి తమ మనోభావాలను గాయపరచారని అవతలివారు అన్నారు. ఏప్రిల్ 16న, శ్రీరామనవమికి ముందు రోజు, ఒక గుంపు బడిలో చొరబడింది. కిటికీల అద్దాలు పగిలాయి, పూలకుండీలు పగిలాయి. గేటు దగ్గరి మదర్ థెరీసా విగ్రహము మీద రాళ్లు పడ్డాయి. అక్కడి గురువును కొట్టి, నుదుట తిలకము దిద్ది, నినాదము పలకమన్నారు. బడివారి మీద కూడా మత మనోభావాలను గాయపరచారని దండేపల్లి పోలీసు స్టేషనులో కేసు నమోదయింది.

ఎవరి మాట ఎంత నిజమో తేల్చవలసినది న్యాయస్థానము. కాని ఒక సంగతి ఏ న్యాయస్థానమూ తేల్చనక్కరలేదు. మాటకు మాటే జవాబు, రాయి జవాబు కాదు. పిల్లలు చదువుకునే చోట రాయి పడితే అది ఏ మతానికీ గౌరవము తేలేదు.

ఇటువంటి ఆపద మన గేటు ముందుకు వస్తే మనమేమి చేయాలి? ముందుగా చేతుల పని చెబుతాను. కోపము వచ్చినప్పుడు చేతులకు పని ఉండడము మంచిది.

మొట్టమొదట బిడ్డలను లెక్కపెట్టాలి. గాజుపెంకులు లేని గదిలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులు వచ్చి పేరు చెప్పిన తరువాతనే పంపాలి. దెబ్బ తగిలినవారిని ఆసుపత్రికి పంపి, అక్కడ ఇచ్చే కాగితము భద్రపరచాలి. రెండవది, తొందరపడి ఊడ్వకూడదు. పోలీసులు వచ్చి పంచనామా వ్రాసేవరకు పడినది పడినట్లే ఉండాలి. ప్రతి గదిని, ప్రతి కిటికీని ఫోటో తీయాలి. ఎన్ని అద్దాలు, ఎన్ని బల్లలు పోయాయో జాబితా వ్రాసి, దాని మీద ప్రధానోపాధ్యాయులతోపాటు ఇద్దరు తల్లిదండ్రుల చేత సంతకము పెట్టించాలి. అందులో ఒక్కటి కూడా ఎక్కువ వ్రాయకూడదు. మన సాక్ష్యము అక్కడ మొదలవుతుంది. మూడవది, హాజరు పట్టీలు, ప్రవేశ రిజిస్టరు, మార్కుల పుస్తకాలు, టీ.సీ. పుస్తకము ఎక్కడున్నవో చూసి బీరువాలో పెట్టి తాళము వేయాలి. అద్దము పోతే మరొకటి వస్తుంది, బిడ్డ పుట్టిన తేదీ వ్రాసిన పుట పోతే ఆ బిడ్డ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఆ తరువాతనే చీపురు. పెద్ద పెంకులను మందపాటి చేతి తొడుగులతో ఏరి గోనె సంచిలో వేయాలి. సన్న రవ్వ చీపురుకు రాదు. తడిపిన పాత గుడ్డతో, తడి కాగితముతో అద్ది తీయాలి. ఈ పని పెద్దలది. మన పిల్లలు చెప్పులు విడిచి తరగతిలో కూర్చుంటారన్న సంగతి మరవవద్దు. పెంకులు తీసిన తరువాత నేల కడగడానికి, గోడకు సున్నము వేయడానికి, మొక్కలను కొత్త కుండీల్లో నాటడానికి పిల్లలను పిలవండి. పగిలిన బడిని చూసి ఇంటికి పోయిన బిడ్డకు భయము ఉంటుంది. తన చేతితో మొక్క నాటిన బిడ్డకు, ఇది నా బడి అన్న ధైర్యము వస్తుంది.

బైబిలులో మరమ్మతు పనికి లెక్క వ్రాసిన గ్రంథము నెహెమ్యా. యెరూషలేము గోడ పడిపోయిందని విని ఆయన ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. పట్టణానికి వచ్చి వెంటనే కేకలు వేయలేదు. మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి ఎక్కడెక్కడ పడిపోయిందో కళ్లారా చూశాడు. మూడవ అధ్యాయమంతా పేర్లే. చాలామంది దానిని దాటవేసి చదువుతారు. నిదానముగా చదవండి. కంసాలి కట్టాడు, సుగంధద్రవ్యాలు చేసేవాడు కట్టాడు, షల్లూము కుమార్తెలు కట్టారు. చాలామంది ఎవరి యింటి ఎదుట వారు బాగుచేసుకున్నారు. 52 దినములలో గోడ పూర్తయింది. ఎవరి యింటి ఎదుట వారు! నా ప్రసంగమంతా ఆ మాటలోనే ఉన్నది. ఎదుటివాని గడప ఊడ్వడానికి బయలుదేరే ముందు, మొదటి చీపురు మన గడపలో పడాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏండ్ల క్రిందట నేనొక బడిలో పాఠము చెప్పేవాడిని. ఏ బడి అన్నది అప్రస్తుతము. ఒక కార్తీకమాసములో ఎనిమిదో తరగతి పిల్లవాడు అయ్యప్ప మాల వేసుకొని నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వచ్చాడు. యూనిఫారము లేదని వాడిని రెండు పీరియడ్లు బయట ఎండలో నిలబెట్టాను. క్రమశిక్షణ అనుకున్నాను. మరునాడు వాని నాయనమ్మ వచ్చింది. గొంతు పెంచలేదు. "సారూ, మీ క్రిస్మసు పండుగకు మావోడు గొర్లకాపరి యేషము కట్టిండు. మేం వద్దన్నమా?" అన్నది, అంతే. నా దగ్గర జవాబు లేకపోయింది. వాడు దీక్ష ముగిసేదాకా బడికి రాలేదు. వచ్చిన తరువాత కూడా నా వైపు చూసి నవ్వలేదు. నేను విసిరినది రాయి కాదు, కాని అక్కడ కూడా ఒకటి పగిలింది. దానిని ఏ పంచనామాలోనూ వ్రాయలేదు.

మన రాజ్యాంగములో 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయాలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కును మనమందరము కంఠస్థము చేశాము. దానికి రెండు అధికరణాల ముందు, 28వ దానిలో, గుర్తింపు పొందిన లేక ప్రభుత్వ సహాయము పొందే విద్యాలయములో ఏ బిడ్డనూ ఇష్టము లేకుండా మతబోధకు గాని ఆరాధనకు గాని కూర్చోబెట్టరాదని ఉన్నది. బిడ్డ మైనరయితే సంరక్షకుల అంగీకారము కావాలి. దానిని కూడా కంఠస్థము చేయాలి.

కేరళలో 1985లో ముగ్గురు పిల్లలను బడి నుండి తీసివేశారు. వారు యెహోవా సాక్షుల కుటుంబమువారు. జాతీయగీతము పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసము ఒప్పుకోదని నోట పాడేవారు కారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వ్రాసినది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డిగారు. సహనము మన సంప్రదాయములో ఉన్నది, రాజ్యాంగములో ఉన్నది, దానిని పలుచన చేసుకోవద్దు అన్నది ఆ తీర్పు సారము. ఆ పిల్లల మనస్సాక్షికి దొరికిన నీడ మాల వేసుకున్న పిల్లవానికి కూడా దొరకాలి కదా! యూనిఫారము నియమము ఉండవచ్చు. ఆ నియమము బిడ్డను నలుగురిలో నిలబెట్టడానికి కాదు. దీక్షల కాలానికి ముందే తల్లిదండ్రులను పిలిచి, ఏమి చేద్దామని అడిగి, ఒప్పుకున్నది కాగితము మీద వ్రాసుకుంటే సగము తగవు పుట్టదు.

మిగిలిన సగము పుకారు వలన పుడుతుంది. మధ్యప్రదేశ్‌లోని గంజ్ బాసోదాలో 2021 డిసెంబరు 6న సెయింట్ జోసెఫ్ పాఠశాల మీద గుంపు రాళ్లు వేసింది. ఆ సమయములో లోపల పన్నెండవ తరగతి పిల్లలు పరీక్ష వ్రాస్తున్నారు. కారణమేమి? కతోలిక కుటుంబాల బిడ్డలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదము తీసుకున్న ఫోటోను చూపి, హిందూ పిల్లలకు మతము మార్చారని ప్రచారము చేశారు. అబద్ధము ఫోనులో పరుగెత్తింది, నిజము గేటు లోపలే ఉండిపోయింది. అందుచేత గేటు ముందుగానే తెరవండి. తల్లిదండ్రుల సంఘములో అన్ని మతాలవారిని కూర్చోబెట్టండి. మన ప్రార్థన ఏమిటో, మన కథలేమిటో వచ్చి వినమనండి. మనలను ఎరిగిన పదిమంది పొరుగువారు ఎత్తయిన ప్రహరీగోడ కన్న గట్టి కాపుదల.

పొరుగువారిని నమ్మడము మనకు కొత్త కాదు. 2016 అక్టోబరు వరకు మన కామారెడ్డి నిజామాబాదు జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి 1915లో తెరచినప్పుడు వెస్లియన్ మిషను డాక్టరమ్మ ఇసబెల్ కెర్‌కు ధనసహాయము చేసినవారు రాజా నర్సాగౌడు అనే హిందూ పెద్దమనిషి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ దేవాలయము కరువు రోజులలో చుట్టుపక్కల పల్లెల ప్రజలకు పని కల్పించి, కడుపునింపి కట్టినది. ఇది మా ఒక్కరిది అని మనము గాని, ఇది మాది కాదు అని పొరుగువారు గాని అనగలరా?

ఇదంతా విని, అయితే కొట్టినవారికి శిక్ష వద్దంటావా అని ఎవరైనా అడగవచ్చు. అలా అనడము లేదు. ఫిర్యాదు ఇవ్వాలి, సాక్ష్యము చెప్పాలి. గుంపులు చేసిన నష్టానికి ఆ నష్టము చేసినవారే బాధ్యులని 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అందులో ప్రతివాది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. చట్టాన్ని ఆశ్రయించడము పగ కాదు. రేపు మరొకరి బడి మీద, మరొకరి గుడి మీద, మసీదు మీద రాయి పడకుండా కాపాడటము. కాని క్షమాపణ కోర్టు వారు ఇచ్చేది కాదు, అది మన చేతిలో ఉన్నది.

ఇంగ్లండులో కోవెంట్రీ అనే పట్టణమున్నది. 1940 నవంబరు 14 రాత్రి బాంబులు పడి అక్కడి కెథీడ్రల్ కాలిపోయింది. ఆ శిథిలాలలో బలిపీఠము వెనుక గోడ మీద ప్రోవోస్టు హోవర్డుగారు రెండే మాటలు చెక్కించారు: తండ్రీ, క్షమించుము. సిలువ మీద ప్రభువు పలికిన మాటలో "వీరిని" అని ఉన్నది. ఆ మాటను అక్కడ వ్రాయలేదు. క్షమాపణ బాంబు వేసినవారికి మాత్రమే కాదు, మనందరికీ కావాలని దాని అర్థము. గడపలో మొదటి చీపురు పెట్టినవాడే ఆ మాట వ్రాయగలడు.

సోదరులారా, బడి ఎప్పుడు బాగుపడిందని చెప్పవచ్చు? అద్దాలు బిగించిన రోజున కాదు. కోర్టు తీర్పు వచ్చిన రోజున కూడా కాదు. రాయి విసిరినవాని ఇంటి బిడ్డ పుస్తకాల సంచితో గేటులోకి వచ్చి, మన బిడ్డ ప్రక్కన అదే బల్ల మీద కూర్చున్న రోజున, మాస్టరుగారు ఇద్దరి పేర్లూ ఒకే గొంతుతో పిలిచిన రోజున బాగుపడినట్లు. ఆ రోజు కొరకు గేటు తెరచి ఉంచుదాము.

నేను ఎండలో నిలబెట్టిన ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. వాని బిడ్డలు ఏదో ఒక బడికి పోతుంటారు. అక్కడి మాస్టరు నాకన్న మంచివాడై ఉండాలని నా ప్రార్థన. ఆ మాస్టరు మీలో ఒకరు కావచ్చు.

దేవుడు మన బడులను, మన పొరుగువారి బిడ్డలను కాపాడును గాక. ఆమెన్.