దానపత్రం సొరుగులో ఉంటే చాలదు
(సంస్థ వార్షిక సమావేశంలో దాతలనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చెక్కు ఇచ్చినవారికి రసీదు ఇస్తే మన పని ముగుస్తుంది. ఇల్లో స్థలమో ఇచ్చినవారి విషయంలో పని అప్పుడే మొదలవుతుంది. టెక్సాస్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇవాళ సొంత ఇళ్లు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని సదఖా జారియాగా ఇవ్వాలన్న సంకల్పం కొందరికి ఉంది. అల్లాహ్ ఆ సంకల్పాన్ని స్వీకరించుగాక. అయితే ఆ దానం కాగితం మీద కూడా నిలవాలి. అందుకే దస్తావేజును కౌంటీలో రికార్డు చేయించడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన ఊళ్లో రిజిస్ట్రేషన్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఎదుట హాజరు కావాలి. ఫొటోలు, వేలిముద్రలు, సాక్షులు, స్టాంపు డ్యూటీ అన్నీ ఉంటాయి. ఇక్కడ పద్ధతి వేరు. టెక్సాస్‌లో ఆస్తి బదిలీకి స్టాంపు డ్యూటీ లేదు. దాత నోటరీ ఎదుట సంతకాన్ని ధ్రువపరిచాక ఆ పత్రాన్ని కౌంటీ క్లర్కు కార్యాలయానికి అందజేస్తే సరిపోతుంది. క్లర్కు పత్రం రూపం చూస్తారు, రుసుము తీసుకుంటారు, తేదీ, సమయం, నంబరు వేసి రికార్డుకు ఎక్కిస్తారు. అంతే. ఆ ఇల్లు నిజంగా దాతదేనా, దాని మీద అప్పు ఉందా అని ఆయన విచారించరు. కౌంటీ ముద్ర పడింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. పత్రం రాయకముందే టైటిల్ కంపెనీ చేత పాత రికార్డులు వెతికించాలి. ఊళ్లో ఈసీ తీయించడం లాంటిదే ఇది.

మరి రికార్డు చేయించకపోతే దానం చెల్లదా? ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య చెల్లుతుంది. దాత వారసులు కూడా దానికి కట్టుబడాల్సిందే. చిక్కు మూడో మనిషితో వస్తుంది. టెక్సాస్ ఆస్తి చట్టం 13.001 సెక్షన్ ప్రకారం, ఈ దానం సంగతి తెలియకుండా డబ్బు చెల్లించి కొన్నవారి మీద రికార్డు కాని పత్రం చెల్లదు. అప్పు ఇచ్చినవారి విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఒక పెద్దాయన ఇల్లు రాసిచ్చారనుకుందాం. పత్రం మన కార్యాలయం సొరుగులోనే ఉండిపోయింది. ఆయన కాలం చేశారు. సంగతి తెలియని కొడుకు, కౌంటీ పుస్తకాల్లో తండ్రి పేరే చూసి, ఇల్లు అమ్మేశాడు. కొన్నవారు కూడా తెలియకే కొన్నారు. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. అయినా పెద్దాయన ఆశించిన బడి, పిల్లల హాస్టల్ గాలిలో కలిసిపోతాయి. సంతకమైన రోజే పత్రాన్ని కౌంటీకి పంపితే ఈ గొడవ రాదు.

మరో ముఖ్యమైన సంగతి. హిబాకు మూడు అంశాలు కావాలని మనకు తెలుసు: ఇస్తున్నానని చెప్పడం, స్వీకరించడం, స్వాధీనం చేయడం. ఇక్కడి చట్టం కూడా దాత బతికుండగానే పత్రాన్ని ఇచ్చివేసే ఉద్దేశంతో అందజేయాలనే అంటుంది. సంతకం చేసి బీరువాలో పెట్టుకుని, ‘నా తర్వాత తీసుకోండి’ అంటే అది ఇచ్చినట్టు కాదు. మన షరీఅత్ ప్రకారం కూడా అది వసీయత్ కిందికి వస్తుంది, మూడో వంతు పరిమితికి లోబడుతుంది. అలాంటి ఉద్దేశం ఉన్నవారు డీడ్ కాకుండా వీలునామా రాయించుకోవాలి.

పత్రంలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సంస్థ పేరు మనం పిలుచుకునే పేరు కాకుండా, రాష్ట్రంలో నమోదైన పూర్తి పేరే ఉండాలి. సంస్థ తపాలా చిరునామా కూడా ఉండాలి. ఇంటి నంబరు, వీధి పేరు చాలవు. లాట్, బ్లాక్, సబ్‌డివిజన్ వివరాలు పాత డీడ్‌లో ఉన్నవి ఉన్నట్టుగా దింపాలి. ఆస్తి ఏ కౌంటీలో ఉందో అక్కడే రికార్డు చేయాలి. ఫ్రిస్కో పట్టణం కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఊరి పేరు చూసి కౌంటీని ఊహించవద్దు. సోషల్ సెక్యూరిటీ నంబరు పత్రంలో రాయనే వద్దు. రికార్డయిన పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు.

భార్యాభర్తలు నివసించే ఇల్లయితే, డీడ్ ఒక్కరి పేరున ఉన్నా, ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకు అప్పు ఉంటే ఇల్లు ఇచ్చినా అప్పు పోదు. యజమాని మారితే మొత్తం ఒకేసారి కట్టమనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ముందు బ్యాంకుతో మాట్లాడండి.

పన్నుల సంగతి. రికార్డయినంత మాత్రాన ఆస్తి పన్ను మినహాయింపు రాదు. సంస్థ విడిగా అప్రైజల్ డిస్ట్రిక్టుకు దరఖాస్తు చేయాలి. మామూలుగా మే 1కి ముందే. దాత 5,000 డాలర్లకు మించి ఆదాయపు పన్ను తగ్గింపు కోరితే అర్హుడైన మదింపుదారు నివేదిక, 8283 ఫారం, దాని మీద సంస్థ సంతకం అవసరం. ఆ మదింపు దానం చేసే తేదీకి 60 రోజులకన్నా ముందుది కాకూడదు.

సోదరులారా! అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని సూరా బఖరా 282వ ఆయత్ మనకు ఆదేశిస్తోంది. రాసుకోవడమంటే ఎదుటివారిని శంకించడం కాదు. రేపు రాబోయే తరాల మధ్య తగాదా రాకుండా చూడటం. ఖైబర్‌లోని తన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) వక్ఫ్ చేసినప్పుడు, దాన్ని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు అని షరతులు స్పష్టంగా చెప్పారు. ఆ స్పష్టతే మనకు ఆదర్శం.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. ఆస్తి స్వీకరించిన ప్రతిసారీ రికార్డయిన డీడ్ నకలును, దాని నంబరుతో సహా, దాతకూ ఆయన పిల్లలకూ అందించండి. తండ్రి ఏమిచ్చారో పిల్లలకు తెలిస్తే, ఇన్షా అల్లాహ్, ఆ దానానికి వారే కాపలాదారులవుతారు.