చిక్కుడు పాదు – పూతదాకా ఓపిక



మొదటిసారి పెరట్లో గింజ పెట్టేవాళ్లు తీగ చిక్కుడుతో మొదలుపెట్టండి. అయితే చాలామంది ఈ పాదును పూతకు ముందే పీకేస్తుంటారు. ఆ మాట చెప్పడానికే లేచాను.

ఆషాఢ, శ్రావణ మాసాల్లో వాన పడ్డాక గింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లారి అంగుళం లోతున పెట్టండి. పాదుకు 4 గింజలు చాలు. మట్టి తడిగా ఉంటే సరిపోతుంది, నీళ్లు నిలిస్తే గింజ కుళ్లిపోతుంది. వారం, పది రోజుల్లో మొలకొస్తుంది. బలంగా ఉన్నవి రెండు ఉంచి మిగతావి తీసేయండి. కోళ్లు కెలక్కుండా చుట్టూ ముళ్లకంప వేయండి. తీగను పందిరికో దడికో పాకించండి.

దసరా నాటికి పందిరంతా ఆకే, పువ్వు కనబడదు. "ఇది కాయదులే" అని కొడవలి తీస్తాం. ఆగండమ్మా! ఏ కాలంలోనైనా కాసే కొత్త రకాలు వేరు. మన నాటు చిక్కుడు పగటిపొద్దు తగ్గాకే పూస్తుంది. చలి మొదలైతే పూత, సంక్రాంతికి గంపల కొద్దీ కాయ. రథసప్తమి రథానికి కూడా కాయలు మన దడి మీదే దొరుకుతాయి.

పూత రాలేదని యూరియా వేయకండి, ఇంకా ఆకే పెరుగుతుంది. చిక్కుడు వేళ్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. మాగిన పశువుల ఎరువు చాలు. పేనుబంక కనిపిస్తే పొద్దున్నే ఆకు తడి మీద బూడిద చల్లండి.

బాగా కాసిన తీగకు పది కాయలు ఎండేదాకా వదిలేయండి. ఆ గింజల్ని బూడిద కలిపి దాచండి. వచ్చే ఏడు కొనే పని ఉండదు. గుప్పెడు గింజలు సంఘం మీటింగుకు తెచ్చి కొత్త సభ్యులకు పంచండి. అదీ మన పొదుపే.