తెరమీద గళ్ళాట



కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో యీమధ్య ఒక కొత్త కాలక్షేపం వచ్చింది. కొడుకూ కోడలూ హైటెక్ సిటీ ఆఫీసులకు బయల్దేరుతూ, పెద్దావిడ చేతికి టాబ్లెట్ యిచ్చి "అమ్మా, రోజూ పావుగంట యిది ఆడు, మతిమరుపు రాదు" అని చెప్పి వెళుతున్నారు. ఆడితే మంచిదే. కాని ఆ మాట యెంతవరకు నిజమో తెలుసుకుని ఆడితే యింకా మంచిది.

ఆట తీరు యిదీ. తెరమీద పదహారు గళ్ళు కనబడతాయి. అందులో నాలుగు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. మీరు అదే వరసలో వేలితో తాకాలి. సరిగ్గా తాకితే యీసారి అయిదు వెలుగుతాయి, తప్పితే మూడుకు దిగుతాయి. మనకిది కొత్తా? ధనుర్మాసంలో పక్కింటి మెలికల ముగ్గు ఒక్కసారి చూసి వచ్చి, చుక్క తప్పకుండా మన వాకిట్లో దించేవాళ్ళం కాదూ! అయితే ముగ్గుల్లో ఆరితేరినావిడ బీరువా తాళాలు యెక్కడ పెట్టిందో మరచిపోదని యెవరైనా పూచీ యివ్వగలరా?

చిక్కంతా అక్కడే వుంది. అమెరికాలో 'యాక్టివ్' అనే పరిశోధనలో 65 యేళ్ళు నిండిన 2,832 మందిని తీసుకుని, కొందరికి జ్ఞాపకశక్తిలో, కొందరికి తర్కంలో, కొందరికి కంప్యూటరు మీద చూపు చురుకులో పదేసి పాఠాలు చెప్పారు. యే విద్య నేర్చినవారు ఆ విద్యలోనే మెరుగయ్యారని 2002లో తేల్చారు. పదేళ్ళ లెక్కలు చూసి 2017లో చెప్పిందేమంటే, యే పాఠాలూ లేనివారితో పోలిస్తే చూపు చురుకు సాధన చేసినవారిలో మతిమరుపు జబ్బు ముప్పు 29 శాతం తక్కువట. తక్కిన రెండు విద్యల్లో ఆ తేడా కనబడలేదు. కనుక అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టకండి. తగిన ఆధారాలు లేకుండా గొప్పలు ప్రకటించారన్న ఆరోపణ మీద, 2016లో లూమోసిటీ ఆటలవారు అక్కడి ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

నా యెరుకలో ఒకావిడకు ఆటలో మార్కులు వారం వారం పెరుగుతున్నాయి. యిక్కడ స్టవ్ మీద పాలు మాడుతున్నాయి, గుడినుంచి వస్తూ తమ బ్లాకు పోల్చుకోలేక వాచ్‌మన్‌ని అడుగుతోంది. "మార్కులు బాగున్నాయిగా" అని ఆరు నెలలు డాక్టరుకు చూపించలేదు. తీరా చూపిస్తే థైరాయిడ్ లోపం! మందుతో చాలావరకు తేరుకుంది. బి12 విటమిన్ తక్కువైనా, చెవులు సరిగ్గా వినబడకపోయినా మతిమరుపులాగే కనబడవచ్చు. ఆట అలవాటైనకొద్దీ మార్కులు పెరుగుతాయి, అంతే.

మన వూరి సంగతి ఒకటి చెప్పాలి. పంజగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒకే భాషవారికంటే సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైందట. చదువు రానివారిలో కూడా! కూరలబండివాడితో హిందీలో బేరమాడి, వెనక్కి తిరిగి చెల్లెలితో తెలుగులో మాట కలపడం మెదడుకు తక్కువ పనేమీ కాదన్నమాట. మరి పగలంతా తలుపు వేసుకుని గళ్ళు తాకే పెద్దావిడకు ఆ రెండో మనిషి యేరీ?

ఆట మాన్పించనక్కరలేదు. పావుగంట చాలు, కళ్ళద్దాలు పెట్టుకుని ఆడమనండి. సాయంత్రం కిందికి తీసుకువెళ్ళి నలుగురిలో కూర్చోబెట్టండి. దారి తప్పడం, చిల్లర లెక్క తేలకపోవడం కనబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి. వాడుతున్న మందుల చీటీలన్నీ, నిద్రమాత్రలతో సహా, వెంట తీసుకువెళ్ళండి.