గుమ్మం దాటనివారి లెక్క

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, ఉప్పాడ)

బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర గోదావరి జిల్లాలకు కొత్త కాదు. ఆ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనను నడిపినవారు 1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనుగొన్నవి మీకు తెలుసు. ఆయన్ని వద్దన్నవారితో నేను మొదలుపెడతాను. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురైన ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, మామగారి సాయంతోనూ కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోనూ బోస్టన్ చేరారు. అక్కడ పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాక కూడా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీకి వెళ్లాకే ఆయన చేతికి తగిన పని దొరికింది. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు చికిత్స చేస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు నేటికీ రాస్తున్నారు.

గణితంలో ఇలాంటిదే మరొకటి జరిగింది. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో ప్యాసైన సి.ఆర్. రావు, సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికని కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. ఆ ప్రయాణంలో బసలో పరిచయమైన ఒకరి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941 జనవరిలో అక్కడ చేరారు. నాలుగేళ్లకే ఆయన పేరు గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాలకెక్కే సిద్ధాంతం రాశారు. ఈ ఇద్దరి సంగతి మనకు తెలియడానికి కారణం, ఒక గుమ్మం మూసుకుంటే మరో గుమ్మం తెరుచుకోవడం. అలా తెరుచుకోనివారి సంగతి ఎవరికీ తెలియదు. ఎంపిక ఎక్కడ జరిగినా, ఉద్యోగానికైనా చికిత్సకైనా, తీసుకున్నవారి ఫలితమే కంటికి కనిపిస్తుంది. తిప్పి పంపినవారి ఫలితం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ రెండు పనులనూ యంత్రాలకు అప్పగిస్తున్న రోజుల్లో నేను చెప్పదలచింది ఒక్కటే: ఆ లోటును గణితం చూపించగలదు కానీ పూడ్చలేదు. వద్దన్నవారిలో కొందరినైనా లోపలికి పిలిచి చూస్తేనే అది పూడుతుంది.

ఈ లోటుకు లెక్క రాసిన తొలి గణితవేత్తల్లో రావు ఒకరు కావడం విశేషం. మనం సేకరించిన సమాచారం లోకంలో ఉన్నదాని నమూనా కాదనీ, మనం సేకరించిన తీరుతో బరువు మారిపోయిన నమూనా అనీ ఆయన 1965లో సూత్రబద్ధం చేశారు. దీనికి ఆయన చూపిన ఉదాహరణ చాలా సులువైనది. మగపిల్లల తరగతిలో ఒక్కొక్కరినీ, మీ ఇంట్లో నీతో కలిపి మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని అడిగి కూడండి. మగపిల్లల సంఖ్యే ఎక్కువ తేలుతుంది. ఆడపిల్లలు మాత్రమే ఉన్న ఇంటి నుంచి ఆ తరగతికి ఎవరూ రారు కదా. ఇది ఉప్పాడకు నేను నేర్పాల్సిన పాఠం కాదు. వల కన్ను పెద్దదైతే సన్న చేప నిలవదని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఒడ్డుకు చేరిన చేపలను తూచి, సముద్రంలో సన్న చేపే లేదని ఏ మత్స్యకారుడూ అనడు. ఆ మాటను కంప్యూటర్ అంటే మాత్రం చదువుకున్నవాళ్లం నమ్మేస్తున్నాం.

అమెజాన్ సంస్థ 2014లో దరఖాస్తులకు మార్కులు వేసే ప్రోగ్రామ్ తయారు చేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులను దానికి పాఠంగా ఇచ్చారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో దరఖాస్తులో మహిళలకు సంబంధించిన మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం అది నేర్చుకుంది. చివరికి దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. ఆసుపత్రుల సంగతీ అంతే. ఎక్కువ సంరక్షణ అవసరమైన రోగులను గుర్తించడానికి అమెరికాలో విరివిగా వాడిన ఒక ప్రోగ్రామ్, జబ్బు తీవ్రతకు బదులు గతంలో అయిన వైద్య ఖర్చును కొలిచింది. నల్లవారికి తెల్లవారితో సమానంగా జబ్బున్నా వారి మీద పెట్టిన ఖర్చు తక్కువ. అందుకని వారు జబ్బు తక్కువ ఉన్నవారిగా తేలారు. ఆ తప్పు సరిదిద్దితే అదనపు సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లవారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఖర్చు లెక్కల్లో దొరుకుతుంది, బాధ దొరకదు. దొరికిన దాన్నే కొలిచారు. కోవిడ్ రోజుల్లో మన వేళ్లకు తగిలించిన పల్స్ ఆక్సీమీటరుకు కూడా ఈ దోషం ఉంది. రీడింగు బాగానే ఉన్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి పడిపోయిన సందర్భాలు నల్లవారిలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం అని 2020లో అమెరికాలోని ఒక ఆసుపత్రి లెక్కలు చూపాయి. ఎండకు మేని రంగు ముదిరిన మన తీరం మనిషి వేలి మీద ఆ పరికరం ఏం చెబుతుందో ఇక్కడే కొలవాలి తప్ప అక్కడి అంకెలను నమ్ముకోకూడదు.

మంచి సూత్రం రాసుకుంటే పక్షపాతం పోతుంది కదా అని కొందరు గణిత మిత్రులు అంటారు. ఒక లెక్క చేసి చూద్దాం. రెండు ఊళ్లు, ఒక్కొక్క ఊళ్లో వంద మంది అనుకోండి. ఒక పరీక్ష 'అనుమానం ఉంది' అన్నవారిలో ఏ ఊరివారైనా నూటికి 80 మందికి జబ్బు ఉంటుంది, 'లేదు' అన్నవారిలో నూటికి 10 మందికి. రెండు ఊళ్లలోనూ పరీక్ష మాటకు ఒకే విలువ, ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? మొదటి ఊళ్లో 50 మందిని అనుమానించింది, రెండో ఊళ్లో 20 మందిని. మొదటి ఊళ్లో జబ్బున్న 45 మందిలో అయిదుగురు తప్పిపోతారు, అంటే తొమ్మిదింట ఒకరు. రెండో ఊళ్లో 24 మందిలో ఎనిమిది మంది తప్పిపోతారు, అంటే ముగ్గురిలో ఒకరు. జబ్బు పాలు వేరైన చోట, పరీక్ష మాటకు ఒకే విలువ ఉండటం, రెండు రకాల తప్పుల పాళ్లూ సమానం కావడం అనే న్యాయాలు కలిసి దక్కవని, అన్నీ ముందే తెలిసిన యంత్రానికి తప్ప ఇది సాధ్యం కాదని క్లైన్‌బర్గ్, ముల్లైనాథన్, రాఘవన్ అనే పరిశోధకులు 2016లో రుజువు చేశారు. ఏ న్యాయం కావాలన్నది ఇక మనుషులు తేల్చుకోవాల్సిన సంగతి. దాన్ని సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థకు వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది. సుబ్బారావుగారిని కాదన్నది యంత్రం కాదు, మనుషులే కదా, సిఫారసు, కులం, పంతం లేని యంత్రమే మేలు కదా అంటారు. మనుషుల పక్షపాతాన్ని నేను వెనకేసుకు రాను. ఖద్దరు చూసి పట్టా తగ్గించడం అన్యాయమే. కానీ ఆ అన్యాయం మద్రాసుకే పరిమితమైంది. బోస్టన్‌కు ఆ ఆచార్యుడి కోపం పాకలేదు. కలకత్తా సర్వేవారి అభిప్రాయం కలకత్తాలోనే ఉన్న మరో సంస్థకు చేరలేదు. అదే ప్రోగ్రామ్‌ను వంద సంస్థలు కొనుక్కుంటే ఒకచోట వద్దన్న మనిషిని వంద చోట్లా వద్దంటుంది. మనుషుల తప్పులు రకరకాలుగా ఉండబట్టే సుబ్బారావుగారు బయటపడ్డారు. ఆయన అరుదైన మనిషి, అరుదైనవారి కోసం పద్ధతులు రాసుకోలేం అని కూడా వాదించవచ్చు. ఎంత అరుదో ఎలా తెలిసింది? మరో గుమ్మం దొరికినవారినే కదా లెక్కపెట్టాం. ఇక ఎక్కువ సమాచారం పోగేస్తే సరిపోతుందన్న వాదన ఉంది. అదే కన్నున్న వలను మరింత పెద్దది చేస్తే పడేది అదే రకం చేప.

ఎంపికలోని ఈ జబ్బుకు మందు వైద్యానికి తెలుసు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ పరీక్షించినప్పుడు, మందు తక్కువగా ఉండటంతో ఎవరికివ్వాలన్నది డాక్టరు ఇష్టానికి వదలలేదు. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా పంచారు. మందు అందిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు, అందని 52 మందిలో 14 మంది. ఆ ఫలితం ప్రకటించింది 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన ఏడాదే. ఒక మాత్రను బజారులోకి పంపడానికి ఇంత నిష్ఠ కోరే మనం, మనుషుల బతుకుతెరువును తేల్చే ప్రోగ్రామ్‌ను ఏ పరీక్షా లేకుండా కొంటున్నాం. యంత్రం వద్దన్నవారిలో నూటికి అయిదుగురినైనా చీటీ తీసి ఉద్యోగంలోకి తీసుకోవాలి, రెండేళ్లు వాళ్ల పని చూడాలి, ఫలితం ప్రకటించాలి. ఆసుపత్రిలో యంత్రం 'ప్రమాదం లేదు' అన్నవారిలోనూ కొందరిని చీటీతో ఎంచి డాక్టరు స్వయంగా చూడాలి. ఖర్చవుతుంది, నిజమే. తప్పు ఎంపిక ఖర్చు ఏ ఖాతాలోనూ పడదు కాబట్టి ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ సభలో కళాశాలల అధ్యాపకులున్నారు, డాక్టర్లున్నారు, పిల్లల్ని ఉద్యోగాలకు పంపే తల్లిదండ్రులున్నారు. అలాంటి యంత్రం మీ ముందుకొచ్చిన రోజున ఎంత కచ్చితంగా పనిచేస్తుందని అడగకండి. అది వద్దన్నవారిలో ఎంతమందిని తిరిగి పిలిచి చూశారో అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.