చదవలేని కాగితం మీద వేలిముద్ర
(బెంగళూరు పీణ్యలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను. ఈ పీణ్యలోనే లేతు మిషను దగ్గర ఇరవై రెండేళ్ళు నిలబడి పనిచేసినవాణ్ణి. ఇప్పుడు మనవారికి అర్జీలు వ్రాసిపెడుతూ, ఆఫీసుల చుట్టూ వారితోపాటు తిరుగుతున్నాను. అందువల్ల చట్టాన్ని గురించి చెప్పమని నన్ను పిలిచినప్పుడు కొంత వెనుకాడాను. అయితే చట్టం తెలియక మనవారు పోగొట్టుకొన్నది ఎంతో, మన నుడిలో చెప్పేవారు లేక పోగొట్టుకొన్నదీ అంతే. ఆ రెండవ సంగతి నాకు బాగా తెలుసు కనుక ఒప్పుకొన్నాను.

మడకశిర వైపు నుండి వచ్చిన ఒక పిల్లవాడి సంగతితో మొదలుపెడతాను. పేరు చెప్పను. 2023లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఒక అపార్టుమెంటు కట్టుబడిలో ఇనుపకడ్డీలు కోసే మిషను దగ్గర అతని కుడిచేతి బొటనవేలు మొదలంటా తెగిపోయింది. మేస్త్రీ ఆసుపత్రికి తీసుకొనిపోయాడు, మూడు రోజులు దగ్గరే ఉన్నాడు. మంచివాడే అనుకొన్నారు. నాలుగవ రోజు ఇరవై ఐదు వేల రూపాయలు చేతిలో పెట్టి, కన్నడంలో ఉన్న ఒక కాగితం మీద ముద్ర వేయమన్నాడు. కుడిచేతి బొటనవేలు పోయినవాడు ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేశాడు. ఆసుపత్రి కాగితం అనుకొన్నాడట. తనకు ముట్టవలసినది పూర్తిగా ముట్టిందనీ, ఇకమీదట ఎవరి మీదా ఎటువంటి హక్కూ కోరననీ అందులో ఉన్నది. ఆరు నెలల తరువాత ఆ కాగితం నకలు నా దగ్గరకు వచ్చినప్పుడుగాని ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియలేదు.

అతనికి నిజంగా రావలసినది ఎంతో లెక్క చూద్దాం. 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం అప్పుడు అమలులో ఉన్నది. 2009 సవరణతో దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టం అయింది. శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనవానికి నెల వేతనంలో 60 శాతాన్ని, వయసును బట్టి పట్టికలో ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. ముప్పై ఏళ్ళవానికి ఆ అంకె 207.98. వేతనం ఎంత ఉన్నా, 2020 జనవరి 3 నుండి నెలకు 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకొన్నారు. అందులో 60 శాతం 9,000. దానిని హెచ్చిస్తే 18,71,820 రూపాయలు. బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం పోయినట్లు అదే చట్టపు మొదటి అనుబంధంలో వ్రాసి ఉన్నది. అంటే 5,61,546 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. అతనికి ఇచ్చినది ఇరవై ఐదు వేలు.

ఈ పట్టికలోని శాతాలే చివరి మాట అనుకోవద్దు. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలు పనిలో పడిపోయి, ఎడమచేయి మోచేతి పైవరకు తీసివేయించుకోవలసి వచ్చిన వడ్రంగి కేసు 1975లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒక చేయి పోతే అంతా పోయినట్లు ఎలా అవుతుందని యజమాని వాదించాడు. ఒంటిచేతితో వడ్రం పని చేయలేడు కనుక నూటికి నూరుపాళ్ళూ పోయినట్లేనని కోర్టు అన్నది. పరిహారం ప్రమాదం జరిగిన నాటి నుండే బాకీ అని కూడ చెప్పింది. ఏ అవయవం పోయిందన్నదే కాదు, ఆ మనిషి చేసే పని ఏమిటో కూడ చూడాలి. నెల దాటినా చెల్లించకపోతే ఏటికి 12 శాతం వడ్డీ ఉన్నది. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం వరకు జరిమానా కూడ వేయవచ్చును.

ఇప్పుడు ఆ వేలిముద్ర సంగతి. ముద్ర వేశాం గదా, ఇక అయిపోయిందని ఇంటికి వెళ్ళి ఊరుకొనేవారు మనలో నూటికి తొంభైమంది. అయిపోలేదు. పరిహారపు హక్కును వదులుకొంటున్నట్లు వ్రాయించుకొన్న ఒప్పందం చెల్లదని 1923 చట్టంలోనే ఉన్నది. యజమానీ పనివాడూ మొత్తం ఒకటి కుదుర్చుకొంటే దానిని కమిషనరు దగ్గర నమోదు చేయించాలి. మొత్తం చాలదని తోచినా, మోసంతోగాని ఒత్తిడితోగాని తీసుకొన్నదని తోచినా కమిషనరు దానిని నమోదు చేయకుండా తిప్పికొట్టవచ్చు. నమోదు చేయించకపోతే యజమాని పూర్తి మొత్తం కట్టాలి. ముందే ఇచ్చిన డబ్బులో సగానికి మించి తగ్గించుకోవడానికి కూడ కమిషనరు అనుమతి లేనిదే వీలులేదు. కనుక వేసినవారు దిగులు పడవద్దు, వేయనివారు వేయవద్దు. సంతకం చేయవలసివస్తే, చదివి వినిపించమనండి. ఏ భాషలో విన్నారో అందులోనే, మీకు తెలిసిన లిపిలో, ఫలానా కాగితం నాకు ఫలానావారు చదివి చెప్పారని క్రింద వ్రాయండి. వ్రాయడానికి ఒప్పుకోకపోతే ఆ కాగితంలో ఏదో ఉన్నదని అర్థం.

మన ఉద్యమానికీ దీనికీ ఏమి సంబంధమని అడిగేవారికి రెండు సంగతులు చెబుతాను. 1979లో రాష్ట్రాల మధ్య వలసపోయే కూలీల కోసం ఒక చట్టం వచ్చింది. గుత్తేదారు ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలి. అందులో పని ఎక్కడ, ఎంతకాలం, కూలి ఎంత అన్నవి హిందీలో, ఇంగ్లీషులో, కూలీ నుడి ఆ రెండూ కాకపోతే అతని నుడిలో కూడ ఉండాలి. ఆనాడే చట్టసభ ఆ మాట ఒప్పుకొన్నది. నలభై ఏళ్ళకు పైగా అమలులో ఉన్న ఆ చట్టం క్రింద తెలుగులో ఉన్న పాసుపుస్తకం నేను ఒక్కటి కూడ చూడలేదు. ఇక 2017లో నష్టపరిహార చట్టంలోకి ఒక కొత్త సెక్షను వచ్చింది. పనిలో పెట్టుకొన్ననాడే యజమాని పరిహారపు హక్కులను వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఆ ప్రాంతపు అధికార భాషలోగాని, ఉద్యోగికి అర్థమయ్యేటట్లుగా. బెంగళూరులో ఆ అధికార భాష కన్నడం. కన్నడ నేలమీద కన్నడమే ఉండాలి, అందులో మనకు పేచీ లేదు. అయితే ఈ మూడింటిలో ఏదీ చదవలేనివాడికి అర్థమయ్యేటట్లు అన్న మాట ఎక్కడ నెరవేరుతుంది? 1979లో ఇచ్చిన చోటు 2017 నాటికి కుదించుకొనిపోయింది. ఈ రెండు చట్టాలూ 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక కోడులలో కలిసిపోయాయి. పనిలో గాయాల పరిహారం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడులో ఉన్నది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టం క్రింద పుట్టిన హక్కు పోదు.

మనకు అన్నిటికంటె పనికివచ్చే ఒక సంగతి ఉన్నది. వకీళ్ళు సైతం మనవారికి దానిని చెప్పడం లేదు. పరిహారపు అర్జీ ప్రమాదం జరిగిన ఊరిలోనే వేయాలని లేదు. ప్రమాదం జరిగిన చోటగాని, అర్జీదారు మామూలుగా నివసించే చోటగాని, యజమాని నమోదైన కార్యాలయం ఉన్న చోటగాని వేయవచ్చును. పాత చట్టంలోనూ ఇదే, కొత్త కోడులోనూ ఇదే. అంటే పీణ్యలో వేలు పోగొట్టుకొన్న మడకశిర మనిషి బెంగళూరు కోర్టు మెట్లమీద వాయిదా వాయిదాకూ కూలి చెడగొట్టుకొని కూర్చోనక్కరలేదు. అనంతపురంలో, తెలుగులో, తనకు అర్థమయ్యే చోట వేసుకోవచ్చును. నమోదు చేసుకొన్న కమిషనరే బెంగళూరు కమిషనరుకు కబురు పంపుతాడు. భర్తను పోగొట్టుకొని పిల్లలతో ఊరికి తిరిగివెళ్ళిన ఆడవారికి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

హోసూరు, పావగడ, బాగేపల్లి, కోలారు వైపువారికి ఈ దారి ఇంత సులువు కాదు. సొంత ఊరిలో వేసినా అక్కడ తమిళమో కన్నడమో. అయితే రాజ్యాంగం 350వ అధికరణం ఉన్నది. తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మనవి చేసుకొనే హక్కు ప్రతివారికీ ఉన్నది. కార్మిక శాఖకు ఇచ్చే మనవి తెలుగులో వ్రాయండి, కన్నడంలో ఒక నకలు జతపరచండి. కోర్టులో వాంగ్మూలం ఇవ్వవలసివస్తే దుబాసీని అడగండి. అడగడానికి సిగ్గుపడి రాని భాషలో తల ఊపితే, ఆ ఊపిన తలే రికార్డులోకి ఎక్కుతుంది.

అసలు కేసు కోర్టులో కాదు, ఆసుపత్రి గుమ్మంలోనే ఓడిపోతుంటాము. ఎలా జరిగిందని డాక్టరు అడుగుతాడు. నొప్పితో ఉన్న మనిషి పలకలేడు, పలికినా తెలుగు. ప్రక్కనున్న మేస్త్రీ కన్నడంలో, స్నానాలగదిలో జారిపడ్డాడనో బండి మీద నుండి పడ్డాడనో చెబుతాడు. అదే చీటీలో ఎక్కుతుంది. రెండేళ్ళ తరువాత ఎదుటి వకీలు మొదట తీసేది ఆ చీటీనే. అందుచేత ఇక్కడున్న ప్రతివారూ, ముఖ్యంగా ఆడవారు, ఒక కన్నడ వాక్యం నేర్చుకోండి: కెలస మాడువాగ గాయ ఆయితు. పని చేస్తుండగా గాయమైంది అని. సైటు పేరు కూడ చెప్పి వ్రాయించండి.

మేస్త్రీ దగ్గర డబ్బు లేదంటాడు. నిజంగానే ఉండకపోవచ్చు. అతడూ మన ఊరివాడే, అతని బిల్లూ నిలిచిపోయి ఉంటుంది. కాని తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చిన అసలు యజమాని కూడ బాధ్యుడే. కట్టవలసినది కట్టి, తరువాత గుత్తేదారు దగ్గర రాబట్టుకోవడం అతని తలనొప్పి. మీ ఊరి మేస్త్రీ మీద కేసు వేయడం ఎలా అని మొగమాటపడేవారు ఈ మాట గుర్తుంచుకోండి.

నీ అజాగ్రత్త వల్లనే జరిగిందన్న మాటకు కూడ బెదరవద్దు. మామూలు పొరపాటు పరిహారాన్ని పోగొట్టదు. తాగి ఉండి, లేక భద్రత కోసం పెట్టిన వస్తువును కావాలని తీసివేసి గాయపడితే అడ్డు వస్తుంది. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ అడ్డు కూడ పనిచేయదు. ఇంటి నుండి పనికి వస్తూపోతూ దారిలో జరిగిన ప్రమాదానికి కూడ, సమయానికీ చోటుకూ పనితో ముడి ఉన్నదని తేలితే పరిహారం వస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

జీతంలో ఈఎస్ఐ కోత పడుతున్నవారికి దారి వేరు. వారు యజమాని మీద ఈ పరిహారం అడగలేరు, ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది. పనికి పోలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం, శాశ్వత లోపానికి బ్రతికినంతకాలం నెలనెలా భృతి. రాజాజీనగరు, ఇందిరానగరు ఈఎస్ఐ ఆసుపత్రులలో వైద్యం. ప్రమాదపు నివేదిక యజమాని పంపాడో లేదో మాత్రం వెంటనే కనుక్కోండి. కట్టుబడి పనివారు కర్ణాటక సంక్షేమ మండలిలో నమోదై ఉంటే అక్కడి సాయం కూడ అడగవచ్చు. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు నమోదుకు అర్హులు. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో వివరాలు చెబుతారు. మండలి సాయం వచ్చిందని యజమాని బాకీ తీరదు.

మనిషే పోతే? దహనానికని, ఊరికి బండి అని చేతికిచ్చే డబ్బును పరిహారం అనుకోవద్దు. మృతుని పరిహారం కమిషనరు దగ్గరే జమ కట్టాలి. భార్యకో తండ్రికో నేరుగా ఇచ్చినది, మూడు నెలల వేతనానికి మించని బయానా తప్ప, పరిహారం క్రింద లెక్కకు రాదు. అప్పులవారు ఆ సొమ్మును జప్తు చేయించడానికి కూడ వీలులేదు.

గడువు మరువవద్దు. రెండేళ్ళలోపు అర్జీ పడాలి. అంతవరకు హాజరు పుస్తకం ఫొటో, కూలి పడిన ఫోను సందేశాలు, గేటుపాసు, ప్రక్కన పనిచేసినవారి నంబర్లు దాచిపెట్టండి. ఊరికి పోయిన తరువాత ఇవి దొరకవు.

మొదట చెప్పిన పిల్లవాడు అనంతపురంలో అర్జీ వేశాడు. కేసు ఇంకా తేలలేదు. మొన్న వాయిదాకు నేనూ వెళ్ళాను. అతడు చెప్పినది చెప్పినట్లు తెలుగులో వ్రాసుకొని, చదివి వినిపించి, సంతకం చేయమన్నారు. ఎడమచేత్తో వంకరటింకరగా తన పేరు వ్రాశాడు. ముద్ర వేయలేదు.

ఈ సభ ముగిసిన తరువాత వరండాలో కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకొన్నవారు రండి.